కొనుక్కున్న ఇంజిన్‌తో గెలిస్తే గెలుపు కాదా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల రేసు జరిగినప్పుడు, నాతో ఇంజనీరింగు చదివిన ఒక మిత్రుడూ నేనూ గ్రాండ్‌స్టాండులో పక్కపక్కన కూర్చుని చూశాం. అందరికన్నా ముందు వరుసలో మొదలుపెట్టిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ను ఒక మలుపులో గుద్దింది మరెవరో కాదు, సాటి జాగ్వార్ డ్రైవర్ సామ్ బర్డ్. ఆ ఒక్క దెబ్బకు జాగ్వార్ సొంత టీము కార్లు, అంటే ఫ్యాక్టరీ కార్లు రెండూ ఇంటిదారి పట్టాయి. రేసు ముగిసేసరికి జాన్-ఎరిక్ వెర్న్ మొదటి స్థానంలోనూ, అతని వెనుక సెకను తేడా కూడా లేకుండా ఎన్విజన్ టీముకు చెందిన నిక్ కాసిడీ రెండో స్థానంలోనూ ఉన్నారు. కాసిడీ కారును నడిపిన మోటారు, ఇన్వర్టరు, గేర్‌బాక్సు జాగ్వార్ తయారుచేసి అమ్మినవే. ఆ సంగతి చెప్పగానే మా వాడు పెదవి విరిచాడు. "ఇంటివాళ్ళు తన్నుకు చస్తే అద్దెకున్నవాడు పండగ చేసుకున్నట్టుందిరా. పక్కవాడి మోటారుతో పరిగెత్తేది కూడా ఒక టీమేనా?" అన్నాడు.

అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. ఆ సీజన్ పూర్తయ్యేసరికి టీముల ఛాంపియన్‌షిప్పు అదే ఎన్విజన్‌కు దక్కింది; డ్రైవర్ల ఛాంపియన్‌షిప్పు పోర్షా దగ్గర మోటారు కొనుక్కున్న ఆండ్రెట్టి టీములోని జేక్ డెన్నిస్‌కు దక్కింది. అమ్మినవాళ్ళిద్దరూ ఓడి, కొన్నవాళ్ళిద్దరూ గెలిచారన్నమాట. అయినా ఫలితాలను చూపించి వాదన ముగిసిందనడం న్యాయం కాదు, ఎందుకంటే మరుసటి ఏడాది ఫలితాలు తిరగబడవచ్చు. పైగా మా వాడిది ఒంటరి అభిప్రాయం కాదు. ఇంజిన్ కారుకు ప్రాణమనీ, ప్రాణాన్ని బయట కొనుక్కునేవాడు సగం టీమేననీ రేసులు ఇష్టంగా చూసే చాలామంది నమ్ముతారు. కారుకు ఒక గడియారం, ఇంజిన్‌కు వేరే గడియారం ఉంటాయనీ, ఆ రెండింటినీ ఒకే ఇంట్లో తిప్పడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళే బుద్ధిపూర్వకంగా ఇంజిన్ కొంటారనీ నేను అంటాను. కొనడంలో నష్టం ఉంది, అయితే అది మా వాడు వెతికిన చోట లేదు.

ఈ రెండు గడియారాల సంగతి నాకు మొదట పరిచయమైంది కాలేజీలో, విద్యార్థుల ఫార్ములా కారు పోటీకి దిగినప్పుడు. ఆ పోటీ నియమాల ప్రకారం 710 సీసీకి మించని ఇంజిన్ వాడాలి, గాలి లోపలికి పోయే దారిలో గాలిని తగ్గించే 20 మిల్లీమీటర్ల ఇరుకు గొట్టం, అంటే రెస్ట్రిక్టర్ పెట్టాలి. తొలి సమావేశంలోనే నలుగురం బోర్డు మీద సొంత ఇంజిన్ బొమ్మ గీసి, బోరు ఎంత, స్ట్రోకు ఎంత అని తెగ తగువులాడుకున్నాం. వర్క్‌షాపు ఫోర్‌మన్ గారు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి కాసేపు ఆ బొమ్మ వంక చూసి, రెండే ప్రశ్నలు అడిగారు: "ఈ సిలిండర్ బ్లాకు పోత ఎక్కడ పోయిస్తారు నాయనా? పోసింది పగిలితే రెండోది ఎన్నాళ్ళకి చేతికొస్తుంది?" మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. పోటీకి అప్పటికి తొమ్మిది నెలలు ఉంది. మరుసటి ఆదివారం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళి, ప్రమాదంలో ముందుభాగం నుజ్జయిన ఒక మోటార్‌సైకిల్ నుంచి ఊడదీసిన సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను బేరమాడి తెచ్చుకున్నాం.

ఇంజిన్ కొన్నాం కాబట్టి పని తీరిందనుకున్నాం. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఆ ఇంజిన్ డ్రాయింగు దింపుకుని, దాని కొలతల ప్రకారం ఫ్రేము పైపులు కోసి వెల్డింగు చేసేశాం. నలుగురం పట్టుకుని ఇంజిన్‌ను ఫ్రేములోకి దించితే, ముందు బోల్టులు రెండూ కూర్చున్నాయి గానీ వెనుక బోల్టు రంధ్రం 7 మిల్లీమీటర్లు పక్కకు ఉంది. ఆ రాత్రి గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని సాగదీయబోయి చేతులు కాయలు కాచాక, బ్రాకెట్టు కోసి కొత్తది వెల్డు చేశాం. దానితో ఇంజిన్ కాస్త జరిగింది. ఇంజిన్ జరిగేసరికి చైను వరుస తప్పింది, చైను కోసం వెనుక స్ప్రాకెట్టును జరిపితే బ్రేకు డిస్కుకు చోటు చాలలేదు, రేడియేటరు గొట్టం ఎగ్జాస్టు పైపును తాకసాగింది. అన్నీ సర్దుకునేసరికి పదకొండు రోజులు పోయాయి. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత పోటీ ముగిసేదాకా ఇంజిన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎవరో ఎక్కడో కొన్నేళ్ళపాటు విరగ్గొట్టి, బాగుచేసి, మళ్ళీ విరగ్గొట్టి తేల్చిన వస్తువు అది. మేము డబ్బిచ్చి కొన్నది ఆ విరగ్గొట్టిన ఏళ్ళను.

ఈ మాటకు ఫార్ములా వన్ రేసుల చరిత్రలో, కాస్వర్త్ అనే ఇంగ్లీషు సంస్థ చేసిన డీఎఫ్‌వీ ఇంజిన్‌ను మించిన సాక్ష్యం లేదు. ఇంగ్లండులో 1950ల చివర నుంచి చిన్న టీములకు ఇంజిన్లు అమ్మింది కోవెంట్రీ క్లైమాక్స్ అనే సంస్థ. అగ్నిమాపక పంపులకూ ఫోర్క్‌లిఫ్టులకూ ఇంజిన్లు చేయడం దాని అసలు వ్యాపారం. ఆ సంస్థ ఇంజిన్లతోనే కూపర్ టీము 1959లోనూ 1960లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇటలీలో ఫెరారీ టీమును స్థాపించిన ఎంజో ఫెరారీ ఈ ఇంగ్లీషు టీములను చూసి "గరాజిస్తి" అని వెక్కిరించేవాడు. అంటే షెడ్డులో కూర్చుని, వాళ్ళదో వీళ్ళదో ఇంజిన్ తెచ్చి బిగించుకునే రిపేరు షాపువాళ్ళని ఎత్తిపొడుపు. 1966 నుంచి ఇంజిన్ పరిమాణం 3 లీటర్లకు పెరుగుతుందని తేలడంతో, అంత ఖర్చు తమ వల్ల కాదని కోవెంట్రీ క్లైమాక్స్ 1965 చివర తప్పుకుంది. లోటస్ టీము అధినేత కాలిన్ చాప్‌మన్‌కు ఇంజిన్ కరువైంది. 1966లో ఆయన బీఆర్‌ఎం అనే మరో టీము చేసిన 16 సిలిండర్ల బరువైన ఇంజిన్‌తో కాలం గడుపుతూనే, కీత్ డక్‌వర్త్, మైక్ కాస్టిన్ నడుపుతున్న కాస్వర్త్‌తో కొత్త ఇంజిన్ చేయించడానికి ఫోర్డ్‌ను ఒప్పించాడు. ఫోర్డ్ ఇందుకు పెట్టిన పెట్టుబడి 1,00,000 పౌండ్లు. ఒక పెద్ద కార్ల కంపెనీకి అది చిల్లర డబ్బు.

1967 జూన్ 4న హాలెండులోని జాండ్‌వోర్ట్‌లో ఆ ఇంజిన్ తొలిసారి రేసుకు దిగి, జిమ్ క్లార్క్ నడిపిన లోటస్ కారులో గెలిచింది. అందరూ చెప్పుకునేది ఈ గెలుపునే. నాకు ఆసక్తి కలిగించేది మాత్రం అదే రోజు పోల్ పొజిషన్ నుంచి, అంటే అందరికన్నా ముందు నుంచి మొదలైన రెండో లోటస్ కథ. గ్రాహమ్ హిల్ నడిపిన ఆ కారు పదకొండు ల్యాపులకే ఆగిపోయింది, కారణం వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టులను తిప్పే టైమింగు గేర్ల పళ్ళు విరిగిపోవడం. ఇంజిన్ తిరిగేటప్పుడు క్రాంక్‌షాఫ్టులో పుట్టే వణుకు ఆ గేర్ల వరుసలోకి పాకి, లెక్కలో ఊహించిన దానికన్నా ఎన్నో రెట్ల బరువును పళ్ళ మీద మోపుతోందని డక్‌వర్త్ నెమ్మదిగా కనిపెట్టాడు. పళ్ళను మందం చేసి ఊరుకోకుండా, గేరు నడిబొడ్డులోనే మెలితిరిగి మళ్ళీ సర్దుకునే సన్నని ఉక్కు కడ్డీలను (టార్షన్ బార్లను) అమర్చి, వణుకు వచ్చినప్పుడు గేరు లేశమాత్రం మెలితిరిగి సర్దుకునేలా చేశాడు. బండి చక్రానికీ చాసీకీ (కారు చట్రానికీ) నడుమ స్ప్రింగు చేసే పనిని, అరచేతిలో ఇమిడే గేరు లోపల చేయించాడన్నమాట. ఆ తర్వాత డీఎఫ్‌వీ కొన్న టీములు ఆ చిక్కును సొంతంగా విప్పుకోవలసిన అవసరం రాలేదు. ఒకరు ఒక్కసారి పడ్డ ఇబ్బంది, కొన్నవాళ్ళందరికీ తీరిపోయింది.

ఫోర్డ్‌లో ఈ వ్యవహారం చూసిన వాల్టర్ హేస్, ఆ ఇంజిన్ లోటస్ ఒక్కదాని దగ్గరే ఉంటే మిగతా పోటీ చచ్చిపోతుందని గ్రహించి 1968 నుంచి దాన్ని ఇతరులకు కూడా అమ్మించాడు. ధర సుమారు 7,500 పౌండ్లు. కొన్నవాళ్ళలో కెన్ టిరెల్ ఒకడు. ఆయన వృత్తి కలప వ్యాపారం. దుకాణంలో సరుకు కొన్నట్టు ఇంజిన్ కొనుక్కుని, ఫ్రాన్సుకు చెందిన మాత్రా చాసీలో బిగించి, జాకీ స్టీవర్ట్‌ను కూర్చోబెట్టి, ఆ కలప వ్యాపారి 1969లో ప్రపంచ ఛాంపియన్‌షిప్పు గెలిచాడు. ఆ ఏడాది జరిగిన 11 రేసులనూ డీఎఫ్‌వీ కార్లే గెలిచాయి, అది కూడా మాత్రా, లోటస్, బ్రాభమ్, మెక్‌లారెన్ అనే నాలుగు వేర్వేరు పేర్లతో. 1983 దాకా ఆ ఇంజిన్ కుటుంబం మొత్తం 155 గ్రాండ్‌ప్రీలు, అంటే ఫార్ములా వన్ రేసులు గెలిచింది.

ఇంజిన్ అందరికీ ఒకటే అయినప్పుడు పోటీ ఎక్కడికి పోయిందన్నది అసలు ప్రశ్న. అది కారులోని మిగతా భాగాలకు పాకింది. కారును గాలితో నేలకు అదిమే రెక్కలు వచ్చాయి, కారు అడుగున గాలిని పీల్చి నేలకు అతుక్కునే గ్రౌండ్ ఎఫెక్ట్ వచ్చింది, 1981లో మెక్‌లారెన్ కార్బన్ ఫైబర్ చాసీ వచ్చింది. ఆ చాసీ వెనుక ఉన్నది కూడా డీఎఫ్‌వీయే. ఈ కొత్త ఆలోచనల్లో చాలావరకు ఇంజిన్ గొడవ నెత్తిన లేని చిన్న షెడ్డుల్లో పుట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను. వారానికో రెక్క చెక్కి చూసుకోగలిగిన వాళ్ళు వాళ్ళే, ఎందుకంటే వాళ్ళ డబ్బూ నిద్రా పిస్టన్ల కింద ఖర్చు కాలేదు.

ఎంజో వెక్కిరింపుకు కాలం చెప్పిన జవాబు కూడా ఈ కథలోనే ఉంది. ఫెరారీ గర్వంగా చేసుకున్న సొంత ఇంజిన్‌లో అటు ఆరు, ఇటు ఆరు చొప్పున 12 సిలిండర్లు నేలకు సమాంతరంగా పడుకుని ఉండేవి. బరువు కిందికి దిగుతుంది కాబట్టి అది మంచి ఏర్పాటే. 1975 నుంచి 1979 వరకు ఫెరారీకి ఎన్నో విజయాలు తెచ్చింది. కానీ గ్రౌండ్ ఎఫెక్ట్‌కు కారు రెండు పక్కలా అడుగున వెడల్పైన గాలి సొరంగాలు కావాలి, సరిగ్గా ఆ చోటనే ఫెరారీ సిలిండర్ హెడ్లు అడ్డంగా ఉన్నాయి. డీఎఫ్‌వీ వీ ఆకారంలో ఉండడం వల్ల కింద సన్నగా ఉండి, పక్కల్లో గాలికి దారి వదిలేది. 1979లో ఛాంపియన్ అయిన ఫెరారీ, 1980లో 8 పాయింట్లతో 10వ స్థానానికి పడిపోయింది. రిపేరు షాపువాళ్ళు కొనుక్కున్న ఇంజిన్ కారు మారినప్పుడు ఇమిడిపోయింది. సొంతిల్లు కట్టుకున్నవాడికి గోడ జరపడం ఏళ్ళ పనైంది.

నేను గడియారమన్నది ఇదే. రేసు కారు రెక్క కొత్తది గీసి, అచ్చు పోసి, విమానంలో పంపి, కొద్ది వారాల్లో ట్రాక్ మీద పెట్టవచ్చు. ఇంజిన్ బ్లాకు, క్రాంక్‌షాఫ్టు, దహన గది అలా కదిలేవి కావు; గీసిన గీత లోహమై, ఇంజిన్ బలాన్ని కొలిచే డైనో యంత్రం మీద వందల గంటలు తిరిగి, ఎక్కడో పగిలి, ఎందుకు పగిలిందో తెలిసి, మళ్ళీ గీతకు రావడానికి నెలలు పడుతుంది. 2014లో వచ్చిన 1.6 లీటర్ల హైబ్రిడ్ (పెట్రోలుకు విద్యుత్తు తోడైన) ఇంజిన్లతో ఈ తేడా మరీ పెరిగింది. గంటకు 100 కిలోల ఇంధనానికి మించి పోయనివ్వమని నియమం పెట్టడంతో, పెట్రోలు ఎక్కువ పోసి బలం తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ప్రతి చుక్కలోని వేడిని పిండుకోవడమే మిగిలింది. ఇంధనంలోని శక్తిలో 50 శాతానికి పైగా పనిగా మార్చగలిగామని మెర్సిడెస్ 2017లో ప్రకటించింది. మన రోడ్ల మీద తిరిగే మామూలు పెట్రోలు కారు దీనికి చాలా దూరంలో ఉంటుంది. అలాంటి వస్తువును రెండు కార్ల టీము ఒకటి, రెండేళ్ళలో సొంతంగా చేసుకుంటానంటే ఫోర్‌మన్ గారి రెండో ప్రశ్నే మళ్ళీ అడగాలి.

అమ్మేవాడికి ఏం లాభమన్నది కూడా ఆలోచించాలి, ఎందుకంటే లాభం లేకుండా పోటీదారుకు ఆయుధం ఎవడూ ఇవ్వడు. ధరకు నియమాల్లోనే పరిమితి ఉంది కాబట్టి డబ్బు ఒక్కటే కారణం కాదు. 2024లో మెర్సిడెస్ ఇంజిన్‌ను వాళ్ళ సొంత టీముతో పాటు మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్, విలియమ్స్ వాడాయి. ఏడాదికి 24 రేసులు. సొంత కార్లు రెండే అయితే ఇంజిన్ తీరు 48 సార్లు తెలుస్తుంది, ఎనిమిది కార్లయితే 192 సార్లు తెలుస్తుంది. ఎక్కడ ఏ బేరింగు అరిగిందో, ఏ వేడికి ఏ సీలు కారిందో నాలుగింతల సాక్ష్యం. కొన్న టీము డబ్బిచ్చి, పైగా ఆ పరీక్ష కూడా చేసి పెడుతోంది.

అయితే అదే 2024 పట్టికను చూస్తే మా వాడి నమ్మకం నిలబడదు. ఒకే ఇంజిన్ వాడిన నలుగురిలో మెక్‌లారెన్ మొదటి స్థానంలో, ఇంజిన్ చేసిన మెర్సిడెస్ నాలుగో స్థానంలో, ఆస్టన్ మార్టిన్ ఐదో స్థానంలో, విలియమ్స్ తొమ్మిదో స్థానంలో నిలిచాయి. 2022 నుంచి 2025 వరకు ఇంజిన్ అభివృద్ధిని నియమాలు స్తంభింపజేశాయి కాబట్టి, 2023 ఆరంభంలో వెనుక వరుసల్లో ఈడ్చుకుంటూ నడిచిన మెక్‌లారెన్, ఆ వేసవిలో కారు మార్చుకుని లేచి, మరుసటి ఏడాది ఛాంపియన్ అయినప్పుడు మారినదంతా ఇంజిన్ చుట్టూ ఉన్న కారే. 1998 తర్వాత ఆ టీముకు దక్కిన తొలి టీము ఛాంపియన్‌షిప్పు అది. 2025లోనూ నిలబెట్టుకుంది.

మెక్‌లారెన్ ఆ స్థితికి వచ్చిన దారి తెలిస్తే కథ ఇంకా రక్తి కడుతుంది. సొంత టీము ఉన్న ఇంజిన్ ఫ్యాక్టరీకి మనం రెండో బిడ్డగా ఉంటే ఛాంపియన్ కాలేమని అధినేత రాన్ డెన్నిస్ గట్టిగా నమ్మి, 2014 తర్వాత మెర్సిడెస్‌ను వదిలి, తమ కోసమే ఇంజిన్ చేసే హోండాతో జత కట్టాడు. కారు వెనుకభాగం వీలైనంత సన్నగా ఉండాలని టీము కోరింది. హోండా ఆ ఇరుకులో ఇంజిన్‌ను ఇమిడ్చింది. కోరిన ఆకారం దొరికింది గానీ, బలమూ మన్నికా రెండూ దొరకలేదు. 2015లో ఫెర్నాండో అలోన్సో, జెన్సన్ బటన్ అనే ఇద్దరు మాజీ ప్రపంచ ఛాంపియన్లను కూర్చోబెట్టుకుని కూడా ఆ టీము 9వ స్థానంలో మిగిలింది. జపాన్‌లో, హోండా సొంత గడ్డ మీద జరిగిన రేసులో, తనది కింది తరగతి ఫార్ములా ఇంజినంటూ అలోన్సో రేడియోలో అరిచిన అరుపు అందరికీ వినిపించింది. అదే హోండా ఆ తర్వాత రెడ్ బుల్‌తో కలిసి 2021లో ఆ టీము డ్రైవర్ మ్యాక్స్ వెర్‌స్టాపెన్‌ను ఛాంపియన్ చేసింది కాబట్టి, చేతకాకపోవడం అక్కడ సమస్య కాదు. ఇంజిన్ గడియారం తన వేగంతో తాను తిరిగింది. మెక్‌లారెన్ ఓపిక దాని కన్నా ముందే అయిపోయింది.

టొయోటా కథ ఇంతకన్నా విచారకరం. 2002లో ప్రవేశించి, జర్మనీలోని కొలోన్‌లో ఇంజిన్, చాసీ రెండూ ఒకే చోట చేసుకుని, డబ్బుకు వెనుకాడకుండా 2009 వరకు పోటీ చేసి, ఒక్క రేసు కూడా గెలవకుండా వెళ్ళిపోయింది. అన్నీ మన ఇంట్లోనే ఉండాలనే పట్టుదలకు అంతకన్నా ఖరీదైన ప్రయోగం జరగలేదు.

సొంత ఇంజిన్ అనే మాటనే కాస్త గోకి చూడాలి. ఇప్పటి మెర్సిడెస్ టీము బ్రాక్లీలో ఉంటే ఇంజిన్ ఫ్యాక్టరీ బ్రిక్స్‌వర్త్‌లో ఉంది. ఆ ఫ్యాక్టరీని 1984లో కాస్వర్త్ నుంచి బయటికి వచ్చిన మారియో ఇలియన్, పాల్ మోర్గన్ ఇల్మోర్ పేరుతో స్థాపించారు. టీము సంగతికి వస్తే, టిరెల్ టీమును కొన్నవాళ్ళు దాన్ని బార్ (బీఏఆర్) అనే టీముగా మార్చారు, బార్ హోండా అయింది, హోండా 2008 డిసెంబరులో చేతులెత్తేయగా బ్రాన్ అయింది, 2010లో మెర్సిడెస్ అయింది. గొప్ప ఫ్యాక్టరీ టీమని మనం చెప్పుకునేదాని వంశవృక్షం విప్పితే, తల్లి వైపు తాతది అమ్ముడు ఇంజిన్ల షాపు, తండ్రి వైపు తాతది కలప అడితి. మధ్యలోని బ్రాన్ టీము 2009లో హోండా ఇంజిన్ కోసం గీసిన కారుకు వెనుకభాగం మార్చి, కొద్ది వారాల్లో మెర్సిడెస్ ఇంజిన్ బిగించుకుని, రెండు ఛాంపియన్‌షిప్పులూ గెలిచింది. మా 7 మిల్లీమీటర్ల బాధ పడ్డవాడిగా, ఆ గెలుపు కన్నా ఆ బిగింపే నాకు అద్భుతంగా కనిపిస్తుంది.

ఇంతవరకు కొనేవాళ్ళ పక్షం మాట్లాడాను. నష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. 2015లో రెడ్ బుల్ పడ్డ అగచాట్లు దానికి నమూనా. 2010 నుంచి 2013 వరకు రెనో ఇంజిన్‌తో వరసగా నాలుగేళ్ళు రెండు ఛాంపియన్‌షిప్పులూ గెలిచిన ఆ టీము, హైబ్రిడ్ ఇంజిన్ బలహీనంగా ఉందని రెనోను బహిరంగంగా దుమ్మెత్తి పోసి తెగతెంపులకు సిద్ధపడింది. మెర్సిడెస్ ఇవ్వనంది. ఫెరారీతో బేరం కుదరలేదు. హోండా తలుపును మెక్‌లారెన్ మూసిపెట్టింది. కొంటానంటే అమ్మేవాడే లేక, పందెం నుంచి తప్పుకుంటామని బెదిరించి, చివరికి తిట్టిన రెనో దగ్గరికే వెళ్ళి, అదే ఇంజిన్ మీద టాగ్ హ్యోయర్ అనే వాచీల కంపెనీ పేరు అతికించుకుని 2016లో దిగింది. తిట్టిన ఇంట్లో పేరు మార్చుకుని భోంచేయడమంటే ఇదే. మంచి కారు చేస్తావని తెలిసిన కొద్దీ అమ్మేవాడికి నిన్ను చూసి భయం పెరుగుతుంది. కొన్న ఇంజిన్‌తో గెలవలేరన్నది నిజం కాదు గానీ, బాగా గెలిచేవాడికి ఇంజిన్ దొరకదన్నది చాలావరకు నిజం.

ఆ తర్వాత నియమాలు కొంత మారాయి. ఇంజిన్ దొరకని టీముకు సరఫరా చేసే బాధ్యతను తయారీదారుల మీద పెట్టారు, ఫ్యాక్టరీ టీము వాడే భాగాలూ సాఫ్ట్‌వేరే కొనుగోలుదారుకు కూడా ఇవ్వాలని 2018లో ఆదేశించారు. ఆ ఆదేశం లేకపోతే 2024లో మెక్‌లారెన్ గెలిచేదని నేను పందెం కాయను. అయినా ఒక లోటు తీరలేదు. కాస్వర్త్‌కు సొంత టీము లేదు కాబట్టి లోటస్‌కు అమ్మినా టిరెల్‌కు అమ్మినా దానికి ఒకటే. ఆ కాస్వర్త్ 2010లో తిరిగి వచ్చి, 2013తో తప్పుకుంది. హైబ్రిడ్ ఇంజిన్ ఖర్చు భరించగల స్వతంత్ర దుకాణం ఆ తర్వాత ఫార్ములా వన్‌లో లేదు. ఈ రోజు ఇంజిన్ అమ్మే ప్రతివాడికీ ట్రాక్ మీద తనదంటూ ఒక గుర్రం ఉంది. రేసింగు అభిమానులు బాధపడవలసింది టీములు ఇంజిన్ కొంటున్నందుకు కాదు, పందెంలో లేని అంగడి మూతపడినందుకు.

ఫ్రాన్సులో జరిగినదాన్ని కూడా నేను ఈ కంటితోనే చూస్తాను. పారిస్ దగ్గరి వీరీ-షాటియోన్‌లోని రెనో ఇంజిన్ ఫ్యాక్టరీకి 12 టీము ఛాంపియన్‌షిప్పుల చరిత్ర ఉంది. అందులో సొంత టీముతో గెలిచినవి 2005, 2006 రెండే. మిగిలిన పదీ విలియమ్స్, బెనెటన్, రెడ్ బుల్ గెలిచి పెట్టినవి. అంటే ఆ ఫ్యాక్టరీ పేరు నిలిపింది కొన్నవాళ్ళే. హైబ్రిడ్ కాలంలో కొనేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, చివరికి సొంత ఆల్పీన్ టీముకు రెండు కార్లకే ఇంజిన్ చేస్తూ మిగిలింది. 2024 సెప్టెంబరులో రెనో తన ఫార్ములా వన్ ఇంజిన్ విభాగాన్ని 2025తో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2026 నుంచి ఆల్పీన్ మెర్సిడెస్ ఇంజిన్ కొనుక్కుంటుంది. ఆ నిర్ణయానికి ముందు ఇటలీ గ్రాండ్‌ప్రీలో వీరీ ఉద్యోగులు స్టాండ్లలో నిలబడి నిరసన తెలిపారు. వాళ్ళ పట్ల నాకు సానుభూతి ఉంది, యాజమాన్యం లెక్క తప్పని మాత్రం చెప్పలేను. రెండు కార్ల సాక్ష్యంతో ఎనిమిది కార్ల సాక్ష్యాన్ని గెలవాలంటే ఎంత ప్రతిభ ఉన్నా చాలదు.

పోయిన వేసవిలో మా కాలేజీ జూనియర్లు ఫోన్ చేసి, ఈసారి సొంత ఇంజిన్ ప్రయత్నిద్దామా అన్నా అని అడిగారు. వద్దని చెప్పలేదు, ఫోర్‌మన్ గారి ప్రశ్నలు రెండూ వాళ్ళకు అప్పజెప్పి, వారం ఆలోచించుకోమన్నాను. వారం తర్వాత ఆటోనగర్ నుంచే ఫోటో వచ్చింది. నూనె మరకల బల్ల మీద ఇంజిన్, దాని వెనుక బోల్టు రంధ్రానికి ఆనించిన వెర్నియర్ కాలిపర్స్, పక్కన నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్న అంకెలు. ఫ్రేముకు ఇంకా ఒక్క పైపు కూడా కోయలేదట. ఇంటర్నెట్‌లోని డ్రాయింగుకూ చేతిలోని ఇంజిన్‌కూ తేడా ఈసారి 5 మిల్లీమీటర్లు.